ఎల్లారెడ్డి ఆడవాళ్లను చూసి కుళ్లుకున్నాను

కామారెడ్డి బస్టాండు

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కిన ఆడవాళ్లందరిలో డబ్బులిచ్చి టికెట్టు కొనుక్కున్నది నేనొక్కదాన్నే. కండక్టరు నా ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఆంధ్రది గదమ్మ. తెలంగాణ కార్డుంటెనే జీరో టికెట్టు" అన్నాడు. పక్కన కూర్చున్న ముసలావిడ ఒళ్లో కోడిపెట్ట గంప పెట్టుకుని, సున్నా రూపాయల టికెట్టును కొంగుకు ముడేసుకుంటూ నన్ను జాలిగా చూసింది. మా వైపు ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం అప్పటికింకా రాలేదు. ఆ ముడి వైపు చూస్తూ నేను మొదటిసారి కుళ్లుకున్నాను. ఆ తర్వాత అక్కడున్నన్నాళ్లూ నేను చేసిన పని దాదాపు అదే.

నా పేరు నాగూర్‌బీ. వినుకొండలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మేం దూదేకులవాళ్లం. నమాజు చేస్తాం, రంజానుకు ఉపవాసాలుంటాం, ఇంట్లో మాట మాత్రం తెలుగే. దసరా సెలవుల్లో పిన్ని కూతురు హసీనాను చూసొస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరాను. అసలు సంగతి హసీనాకు మాత్రమే తెలుసు. నాకు ముట్లు ఆగిపోయి చాలా కాలమైంది. ఉగాది దాటాక మళ్లీ ఎరుపు కనపడటం మొదలైంది. మా అమ్మకూ ఇలాగే మొదలైంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. బట్టలు తనే చాటుగా ఉతుక్కునేది. నొప్పికి ఓర్చుకోలేక చెప్పే వేళకు గుంటూరు డాక్టర్లు కూడా చేతులెత్తేశారు.

నేను అమ్మలా దాచుకోకూడదనుకుని మా ఊళ్లో ఒక ఆసుపత్రికి వెళ్లాను. చీటీ రాసే అతను, "నాగూరా, బీనా? ఏదో ఒకటి చెప్పమ్మా" అన్నాడు. బెంచీ మీదున్నవాళ్లు నవ్వారు. తర్వాత హాలంతా వినపడేలా "దేనికి?" అని అడిగాడు. నా వెనక వరసలో మా బడి పిల్లవాడి తండ్రి ఒకాయన నిలబడి ఉన్నాడు. తలనొప్పి అని చెప్పాను. తలనొప్పి మాత్రలే రాయించుకుని ఇంటికొచ్చాను. ఆ రోజు ఫోనులో హసీనా, "అక్కా, మా దగ్గరికి రా. ఈడ గట్ల అడగరు" అంది.

సికింద్రాబాదు నుంచి రైల్లో కామారెడ్డిలో దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఆ ఊరు బెల్లానికి పేరున్న ఊరని విని, హసీనా కోసం ఒక ముద్ద కొన్నాను. మా వినుకొండ బజారులో కంటే కిలోకు పది రూపాయలు తక్కువ. దానికీ కడుపు మండింది. అంగడాయన బెల్లం కడుతుండగా హసీనా ఫోను చేసింది. నేను సలాం చెప్పడం విని ఆయన గబగబా ఉర్దూలోకి దిగాడు. ఒక్క ముక్క అర్థం కాక, "తెలుగులో చెప్పండి" అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఉర్దూ రాదా ఆపా? మరి సలాం మంచిగనే చెప్పినవ్" అని నవ్వి, ఆ నవ్వుకు పరిహారమన్నట్టు ఇంకో చిన్న ముక్క పొట్లంలో వేశాడు.

ఆ చిన్న ముక్కా దక్కలేదు. లింగంపేట దాటేలోపు పక్కావిడ గంపలోని కోడి మెడ బయటపెట్టి కాగితం చించి, బెల్లం పొడుచుకు తినడం మొదలెట్టింది. ఆవిడ దాని తల మీద ఒక్కటేసి, "దీనికి గుడ టికెట్టు లేదు, చూడు ఎంత మంచిగ తింటుందో" అంది. దిగేటప్పుడు నాకు రెండు గుడ్లు ఇచ్చింది, బెల్లానికి బదులుగా.

ఎల్లారెడ్డి, హసీనా వీధి

హసీనాను అంత దూరం ఇచ్చినప్పుడు మా వాళ్లంతా అయ్యో అనుకున్నారు. ఉర్దూ మాట్లాడే ఇల్లు, బీడీలు చుట్టే ఊరు, పిల్లకు అన్నం తినే తీరికైనా ఉంటుందో లేదోనని పిన్ని నెలల తరబడి కళ్లొత్తుకుంది. నేనూ జాలిపడ్డాను. ఇప్పుడు హసీనా తలుపు దగ్గరికే ఎదురొచ్చింది. ఒళ్లు చేసింది. మాటలో మా పల్నాటి యాస పూర్తిగా పోయింది.

మధ్యాహ్నం బగారన్నం, వంకాయ కూర, పచ్చి ఉల్లిపాయలు తేలుతున్న పచ్చిపులుసు పెట్టింది. మేం పులుసంటే కాస్తాం. కాయకుండా చింతపండు పిసికి ఇంత రుచి తెప్పించవచ్చని నాకు తెలియదు. మూడుసార్లు పోయించుకున్నాను. హసీనా అత్త గోడకు ఆనుకుని బీడీలు చుడుతూ, "మీ ఊర్ల పులుసు దొరకదా బిడ్డా?" అని అడిగింది.

సాయంత్రం ఆ వీధి అరుగుల మీద ఆడవాళ్లంతా చేరారు. ఒక్కొక్కరి ఒళ్లో ఒక చాట, అందులో కత్తిరించిన తునికాకులు, పక్కన తంబాకు. చేతులు ఆగవు, కళ్లు చేతుల వైపు చూడవు. మాటలు మాత్రం నా చెవులు మండిపోయేంతటివి. ఒకామె, "నాకు తెల్లబట్ట అయితుండె, సిస్టర్‌కు చెప్పిన, గోలీలిచ్చింది, తక్కువైంది" అంది. ఇంకొకామె, "నా కోడలికి సంచి కిందికి జారింది, గురువారం చూపిస్తున్న" అంది. వీధిలో, వెలుతురులో, దారిన మనుషులు పోతుండగా. ఒక మొగాయన సైకిలు మీద వస్తుంటే మాట కాస్త తగ్గించారు, ఆయన దాటగానే మళ్లీ అందుకున్నారు.

మా అమ్మ ఈ మాటల్లో ఒక్కటి కూడా నాతో అనలేదు. కూతుర్ని కదా నేను. ఈ అరుగు మీద పుట్టి ఉంటే ఆమె ఏమనేదో అనుకున్నాను. ఆ నవ్వుతున్న ఆడవాళ్లందరి మీదా నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. వాళ్లు నాకేం చేశారు? ఏమీ చేయలేదు. కోపం మాత్రం నిజం.

షాదీఖానా వెనక గది

వాళ్లు చెప్పే గురువారం ఆసుపత్రి షాదీఖానా వెనక రెండు గదులు. పెళ్లిళ్లప్పుడు గిన్నెలు పెట్టుకునే గదులవి. మసీదు కమిటీ వాళ్లు వాడుకోమని ఇచ్చారు. పరీక్ష చేసే బల్ల చర్చి వాళ్లు ఇచ్చారు. నర్సు సుగుణ చర్చి వీధి మనిషి, ఉద్యోగం చేసి దిగిపోయింది. డాక్టరమ్మ గురువారం గురువారం నిజామాబాదు నుంచి వస్తుంది. బీడీ కార్ఖానా ఆ రోజు ఆకు ఇవ్వదు. అందుకే ఆ రోజు పెట్టుకున్నారు. ఊళ్లో సర్కారు దవాఖానా ఉన్నా, ఒక పూట పోతే ఆ పూట బీడీలు పోతాయని ఆడవాళ్లు కదిలేవాళ్లు కాదట.

చీటీ ఇరవై రూపాయలు. సుగుణ నా పేరడిగింది. "నాగూర్‌బీ" అన్నాను. రాసుకుంది. అంతే. రెండోసారి అడగలేదు. ఎందుకొచ్చావని అక్కడ అడగలేదు. "కూసో అక్క, లోపల మాట్లాడుదం" అని బెంచీ చూపించింది. నా పక్కన ముస్లిం ఆడవాళ్లు, తండా నుంచి వచ్చిన లంబాడీ ఆమె, మెడలో సిలువ ఉన్న ఇద్దరు. తండా ఆమెకు తెలుగు సరిగా రాదు. సుగుణ ఆమెతో లంబాడీలో ఏదో అంది. ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు తెలుగు వచ్చు, తెలుగు చెప్పే బతుకే నాది. అయినా మా ఊళ్లో నాతో ఎవరూ నా మాటలో ఇలా మాట్లాడలేదనిపించింది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. తెర వేసి, చేతులు కడుక్కుని, "ఏం చేస్తున్ననో ముందుగాల చెప్తా, తర్వాత చేస్తా. ఆపమంటె ఆపుతా. సరేనా?" అంది. సరే అన్నాను. చల్లగా ఉంటుందని చెప్పింది, చల్లగా తగిలింది. కాస్త నొప్పి అవుతుందని చెప్పింది, అయింది. సుగుణ నా చేయి పట్టుకుని, మా ఊళ్లో వానలు పడ్డాయా అని అడుగుతూనే ఉంది.

లేచి కూర్చున్నాక డాక్టరమ్మ చెప్పింది. గర్భసంచి ముఖం దగ్గర చిన్న కండ పెరిగిందట. తీసేసింది. "చూస్తే భయపడేదిగ కనిపిస్తలేదు. గని నా కన్ను చెప్తె సరిపోదు. పరీక్షకు పంపాలె."

"మా అమ్మకు కేన్సరు" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

ఆమె గబుక్కున ధైర్యం చెప్పలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, "అమ్మ ఎప్పుడు చూపించుకుంది?" అని అడిగింది. ఆలస్యంగా అని చెప్పాను. "నువ్వు ఆలస్యం చెయ్యలేదు" అంది. పరీక్ష జవాబు వచ్చేదాకా ఎల్లారెడ్డిలోనే ఉండమంది.

బయటికొచ్చేసరికి హసీనా చాయ్ తెప్పించి పెట్టింది. ఆమె బెంచీ మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చుని ఉంది. అలా కూర్చోవడం కూడా నాకు నచ్చలేదు. పెళ్లయిన కొత్తలో మేం జాలిపడ్డ పిల్ల ఇది. దీని వీధిలో ఈ ఆసుపత్రి ఉంది. నా వీధిలో లేదు. చాయ్ తాగాను, రుచి తెలియలేదు.

లింగంపేట

జవాబు కోసం ఎదురుచూసే రోజుల్లో ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. సుగుణ, హసీనా లింగంపేటకు వెళుతుంటే నేనూ వెంటపడ్డాను. గురువారం రానివాళ్ల ఇళ్లకు వెళ్లి అడిగి రావడం వాళ్ల అలవాటు. బస్సులో మళ్లీ నేనే టికెట్టు కొన్నాను. దారి పొడుగునా మొక్కజొన్న చేలు కోతకు వచ్చి ఎండుతున్నాయి. లింగంపేట రోడ్డు మీద ఒకామె కంకులు కాలుస్తోంది. మేం పొత్తులంటామని చెబితే, "పొత్తులంటె పిల్లలకు చుట్టేటియి గద" అని ఆశ్చర్యపోయింది. నిమ్మకాయ, కారం రుద్ది ఇచ్చింది. కంకి పదిహేను. మా కోటప్పకొండ తిరునాళ్లలో దీనికి రెండింతలు గుంజుతారు.

మేం వెళ్లింది రేష్మా అనే అమ్మాయి ఇంటికి. చుట్టూ తంబాకు ధూళి. మూలన ఉయ్యాలలో బిడ్డ, పక్కన అత్త. రేష్మా చాట ఒళ్లో పెట్టుకుని దగ్గుతోంది, దగ్గు ఆగాక చుడుతోంది, మళ్లీ దగ్గుతోంది. సుగుణ ఎన్నాళ్ల నుంచి అని అడిగింది.

"చలికాలం ఒస్తుంది గద, గట్లనే ఉంటది" అంది రేష్మా.

"రాత్రి చెమటలు పడుతున్నయా? సన్నవడ్డవ్."

రేష్మా అత్త వైపు చూసింది. ఆ చూపు నాకు తెలిసిన చూపే. మా ఇళ్లల్లో అత్త వైపు చూస్తే సంగతి అక్కడితో అయిపోతుంది. మా నానమ్మ మా అమ్మను చూసే తీరు గుర్తొచ్చింది. ఈ ముసలామె కూడా ముందు పని కానీమంటుందని నేను ముందే తల దించుకున్నాను.

అత్త లేచింది. కోడలి ఒళ్లోంచి చాట తీసి తన ముందు పెట్టుకుంది. "లే. తోల్కపోండ్రి బిడ్డను. మిగిలిన బీడీలు నేను చుట్టుత" అంది.

"అమ్మీ, చానా ఉన్నయి" అంది రేష్మా.

"ఉంటె ఉండనీ. కార్ఖానోడు నిన్నేమన్న ఎత్తుకపోతడా? నువ్వు పోయినంక ఇయన్ని ఎవ్వరికి?"

పాలు తాగే బిడ్డను కూడా తీసుకురమ్మంది సుగుణ, ఆ బిడ్డకూ చూపించాలని. రేష్మా చెప్పులు వెతుక్కుంటుంటే అత్త అప్పటికే మొదటి ఆకు చుట్టేసింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. ఎవరినైనా చూసి ఇంతగా కుళ్లుకున్నానంటే అది ఆ రేష్మాను చూసే. దగ్గుతో ఎండిపోయిన పిల్ల, చేతిలో రూపాయి లేని పిల్ల. ఆమెకు లేమ్మని చెప్పే మనిషి ఉంది.

నాగిరెడ్డిపేట, పోచారం

రేష్మాకు ఛాతీ పరీక్షలు చేయించి, క్షయ అని తేలి, సర్కారు మందులు మొదలుపెట్టించడానికి రెండు రోజులు పట్టింది. మందులకు డబ్బులేమీ తీసుకోలేదు. అది పూర్తయ్యాక సుగుణ, "నీ మొకం చూస్తె బాగలేదు అక్క, పోచారం పోదాం పా" అని నాగిరెడ్డిపేట వైపు తీసుకుపోయింది. పోచారం చెరువు కింద వరి పచ్చగా పరుచుకుని ఉంది. నీళ్ల అంచున ఒకాయన చేపలు వేయిస్తున్నాడు. ముల్లు తీయడం మాకు వచ్చినంత నేర్పుగా వాళ్లకు రాదు. ఆ ఒక్క విషయంలో నేను గెలిచాను. సుగుణకు తీసి పెట్టాను కూడా.

తింటూ అడిగేశాను. "మా ఊళ్లో కూడా ఇలాంటిది పెట్టండి. మీరొచ్చి ఒక నెల ఉండండి, చాలు."

"నేనొస్తె ఏమైతది? నేను మళ్ల వచ్చేస్త గద. మీ ఆడోళ్లు మీరే చేసుకోవాలె."

"మా ఊళ్లో కుదరదు. మీకు కుదిరింది, అదృష్టం."

మాటలో పుల్ల విరుపు నాకే తెలిసింది. సుగుణ కోపం తెచ్చుకోలేదు. చేప ముక్క ఆకులో పెట్టి చెప్పింది. "మేం గుడ గిట్లనే ఏడ్చినం అక్క. మా వీధిల ఒక పిల్ల కాన్పుకు లేటుగ పోయి సచ్చిపోయింది. ఆ పిల్ల అక్కకు మహారాష్ట్ర దిక్కు ఒక ఊర్ల మంచిగ కాన్పయింది. ఆడ ఆడోళ్లే ఒక అర్ర పెట్టుకుని నర్సమ్మను ఉంచుకున్నరు. మేం చూడనీకి పోయినం. చూసి వచ్చేటప్పుడు బస్సుల ఎవ్వరం మాట్లాడలె. అంత మండింది కడుపు. ఇంటికొచ్చినంక హసీనా అత్త మసీదుకు పోయి అర్ర అడిగింది. వాళ్లు ఊకెనే ఇయ్యలె. ఏడాది తిప్పిండ్రు. కడుపు మండుడు సల్లారకముందుకే పనిల పడ్డం, గంతే."

నీళ్ల మీద కొంగలు వాలాయి. వాటికంత తీరికగా తిరిగే బతుకున్నందుకు వాటి మీద కూడా కాస్త అసూయ కలిగింది.

మళ్లీ ఎల్లారెడ్డి

ఫోను వచ్చినప్పుడు నేను హసీనా అత్త పక్కన కూర్చుని ఆకుల ఈనెలు తీయడం నేర్చుకుంటున్నాను. నా చేతికి వచ్చిన ప్రతి రెండో ఆకూ చిరిగిపోతోంది. ఆమె ఆ చిరుగులన్నీ పక్కకు పెడుతూ, "నువ్వు బడిలనే మంచిగ చెప్పుకో బిడ్డా" అంటోంది. డాక్టరమ్మ ఎక్కువ మాట్లాడలేదు. "కేన్సరు లేదు. ఆరు నెలలకు మళ్లీ చూపించుకోవాలె. ఎరుపు కనవడితె ఆగొద్దు" అంది.

ఫోను కింద పెట్టి ఏడ్చాను. హసీనా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అత్త చాట పక్కకు నెట్టి, "ఏమైంది? చెడ్డదా?" అని అడిగింది.

"మంచిదే" అన్నాను.

"మరెందుకు ఏడుస్తున్నవ్?"

"మా అమ్మకు కూడా అది ఇంత చిన్నగా ఉన్నప్పుడే తీసేసి ఉంటే..." అని ఆగిపోయాను. ముసలామె తంబాకు అంటిన చేత్తో నా తలను తన భుజానికి వంచుకుంది. హసీనా ఎదురుగా కూర్చుని తనూ ఏడ్చింది. మా అమ్మ దానికి పెద్దమ్మ. పెళ్లినాడు దానికి పూలు ముడిచింది ఆమే. ఇన్నాళ్లూ దాని మీద నేను పెంచుకున్న మంట ఆ కాసేపు ఎటు పోయిందో తెలియదు. సాయంత్రానికి మళ్లీ వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

మా వీధి

వినుకొండ చేరిన మర్నాడు కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని ఆడవాళ్లంతా ఉన్నారు. హసీనా ఎలా ఉందని అడిగారు. బీడీలు చుట్టి చుట్టి చిక్కిపోయిందా అన్నారు. "ఒళ్లు చేసింది" అన్నాను. చీరలేం తెచ్చావన్నారు. ఏమీ తేలేదన్నాను.

తర్వాత చెప్పేశాను. ఎరుపు కనపడటం, తలనొప్పి అని అబద్ధం చెప్పి రావడం, తెర వెనక బల్ల, తీసేసిన కండ, అన్నీ. గొంతు తగ్గించలేదు. బిందె నిండి నీళ్లు పారిపోతున్నా ఎవరూ కుళాయి కట్టేయలేదు. మా వదిన నా చేయి గిల్లి, "నడివీధిలో ఏంటే ఇది" అంది. పక్కింటి ఆమె తల తిప్పుకుంది. ఒకామె నవ్వింది. అయినా చివరిదాకా చెప్పాను. ఆ గది గురించీ చెప్పాను. షాదీఖానా వెనకదని, మసీదు వాళ్లు ఇచ్చారని, చర్చి వాళ్లు బల్ల ఇచ్చారని.

అందరూ బిందెలెత్తుకుని వెళ్లిపోయారు. నా బిందె ఎత్తుకోబోతుంటే, వీధి చివరింటి మస్తాన్‌బీ వెనక్కొచ్చింది. మనిషి ఎప్పుడూ తక్కువే మాట్లాడేది. చుట్టూ చూసి, నా దగ్గరగా నిలబడి, "నీకేమే, వెళ్లొచ్చావు" అంది.

ఆ మాటలో మంట ఉంది. ఆమె కళ్లల్లో అది స్పష్టంగా కనపడింది. అంత దగ్గరగా ఇంకొకరి ముఖంలో చూడటం నాకదే మొదలు. ఆమెను ఎన్నాళ్ల నుంచని అడిగాను. రంజాను నుంచి అంది.

బిందెలు అక్కడే వదిలేసి, ఇద్దరం మసీదు కమిటీ పెద్ద ఇంటి వైపు నడిచాం.